స్టాండు వేశాక

140 కిలోల మోటార్‌సైకిల్ ఒకటి రోడ్డు పక్కన సైడ్ స్టాండు మీద ఉంది. దాన్ని పడెయ్యాలంటే ఎంత శక్తి కావాలి? లెక్క వేస్తే 11 జౌళ్లు చాలని తేలుతుంది. లీటరు నీళ్ల సీసాను నేల మీంచి తీసి ఛాతీ దాకా ఎత్తడానికి అయ్యే ఖర్చూ ఇంతే. అంత బరువైన బండి ఇంత చవగ్గా పడిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ హైదరాబాద్ కోఠిలోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో సాయంత్రం పూట కాసేపు నిలబడితే, ఎవరి సంచో తగిలి, ఎవరి మోచెయ్యో ఒరుసుకుని బండ్లు ఒరిగిపోవడం కళ్లారా చూడొచ్చు.

లెక్క ఇది. సైడ్ స్టాండు వేసిన బండి ఎడమకు సుమారు 10 డిగ్రీలు వాలి ఉంటుంది. దాని గురుత్వ కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తున, ఇంజను పైభాగం దగ్గర ఉందనుకుందాం. బండి వాలడం వల్ల ఆ కేంద్రం టైర్ల గీత నుంచి దాదాపు 10 సెంటీమీటర్లు ఎడమకు జరుగుతుంది, ఎత్తులో మాత్రం 8 మిల్లీమీటర్లే దిగుతుంది. బండి కుడివైపుకు పడాలంటే ముందు నిటారుగా లేవాలి, అంటే ఆ 8 మిల్లీమీటర్లు తిరిగి ఎక్కాలి. 140 కిలోలను అంత మేర ఎత్తడానికి పట్టేది 11 జౌళ్లు. నిటారు దాటాక ఇక తొయ్యక్కర్లేదు, మిగతా పని భూమే చూసుకుంటుంది. నేలను తాకేలోపు గురుత్వ కేంద్రం ఒక పాతిక సెంటీమీటర్లు దిగినా 340 జౌళ్లు వెలువడతాయి. పెట్టుబడి 11, రాబడి 340. పక్క బండిని పడెయ్యడానికి కావలసినదానికి అది ముప్ఫై రెట్లు. ఒక బండి పడితే వరస మొత్తం పడేది అందుకే.

ఇందులో ఎడమ, కుడి సమానం కావు. ఎడమకు తోస్తే స్టాండు అడ్డం నిలుస్తుంది. ఆ పక్కకి పడాలంటే ఇదే బండికి సుమారు 50 జౌళ్లు కావాలి. కాబట్టి వరసలో బండ్లు కూలడం మొదలైతే సాధారణంగా కుడికే కూలుతూ పోతాయి. వరసలో ఎడమ చివర చోటు దొరికితే వదులుకోకండి, మీ బండి మీద పడటానికి అటుపక్క ఇంకో బండి ఉండదు. డబుల్ స్టాండు వేస్తే లెక్క మారుతుంది. బండి నిటారుగా, రెండు కాళ్ల మీద ఉంటుంది. ఆ కాళ్ల మధ్య ఒక అడుగు ఎడం ఉంటే ఏ పక్కకి పడెయ్యాలన్నా 27 జౌళ్ల దాకా పెట్టాలి. సైడ్ స్టాండు బలహీనమైన వైపుతో పోలిస్తే ఇది రెండింతలకు పైనే. పైగా తక్కువ చోటు పడుతుంది. బండిని వెనక్కి గుంజి డబుల్ స్టాండు ఎక్కించేటప్పుడు నడుముకు తెలిసే శ్రమ వృథా కాదన్నమాట. ఇప్పుడు చాలా బండ్లకు ఆ స్టాండే రావడం లేదు. బరువు, ఖర్చు తగ్గించుకోవడానికి తయారీదార్లకు అది సుళువైన దారి కావచ్చు. ఇరుకు బజార్లలో బండి పెట్టేవాడికి మాత్రం అది లోటే.

ఇప్పటిదాకా రోడ్డు చదునుగా ఉందనుకున్నాం. చదునైన రోడ్డు ఉండదు. వాన నీరు జారిపోవాలని తారు రోడ్డును నడిమధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు. డిగ్రీల్లో చెబితే ఒకటిన్నర లోపే. అది పెద్ద తేడా కాదు. కానీ పాత కాలనీల్లో పొర మీద పొరగా తారు వేస్తూ పోయాక, అంచుల్లో వాలు ఐదు డిగ్రీలకు చేరిన వీధులు ఉన్నాయి. అలాంటి చోట బండి ఎడమ పక్క ఎత్తువైపు వచ్చేలా పెడితే స్టాండు కింద నేల లేచి, 10 డిగ్రీల వాలు 5కు తగ్గుతుంది. చూడ్డానికి బండి దర్జాగా, నిటారుగానే ఉంటుంది. పడెయ్యడానికి కావలసిన శక్తి మాత్రం 11 జౌళ్ల నుంచి 3 జౌళ్లకు పడిపోతుంది. వాలు సగమైతే శక్తి నాలుగో వంతుకు దిగుతుంది మరి. గాలి విసురుకి పడిపోయిందని మనం సరిపెట్టుకునే బండ్లలో చాలా వాటిది ఈ కథే.

అందుకని వీధిలో బండి పెట్టడానికి అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. వెనక చక్రాన్ని ఫుట్‌పాత్ గట్టుకు ఆనించి, ముందు చక్రం రోడ్డు మధ్యవైపు ఉండేలా నిలపడం. అలా పెడితే బండి ముక్కు ఎత్తువైపు ఉంటుంది. పక్క వాలు బెడద పోతుంది. జారితే వెనక్కే జారాలి, వెనక గట్టు ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. సైడ్ స్టాండు వేసేటప్పుడు కాలితో దాన్ని ముందుకు తంతాం, తీసేటప్పుడు అది వెనక్కి మడుచుకుంటుంది. బండి ముందుకు కదిలిందంటే నేల ఆ స్టాండును వెనక్కి నెట్టి మనకు తెలియకుండానే మడిచేస్తుంది. వెనక్కి కదిలితే ఆ ప్రమాదం లేదు. పల్లానికి ముక్కు పెట్టి ఆపిన బండి పడేది ఈ కారణంగానే.

ముక్కు పల్లానికి పెట్టక తప్పకపోతే మొదటి గేరులో ఉంచాలి. అప్పుడు వెనక చక్రం కదలాలంటే ఆగిపోయిన ఇంజనులోని పిస్టన్‌ను కదపాలి, అది ఒప్పుకోదు. స్కూటీల్లో ఈ సౌకర్యం లేదు. వాటిలో ఇంజనుకూ చక్రానికీ మధ్య ఉండే క్లచ్, ఇంజను వేగంగా తిరిగినప్పుడు దిమ్మెలు బయటికి విసిరినట్టు జరిగి పట్టుకునే రకం. ఇంజను ఆగితే పట్టు వదులుతుంది, చక్రం ఎటైనా హాయిగా తిరుగుతుంది. కాబట్టి వాలులో స్కూటీకి డబుల్ స్టాండే దిక్కు, కొన్నింటికి బ్రేకు నొక్కి పట్టే క్లిప్పు ఇస్తారు, అదీ పనికొస్తుంది. ఇక పార్కింగ్ కుర్రాడు ఉన్న చోట ఈ భౌతికశాస్త్రం చెల్లదు. “సార్, న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండిల్ లాక్ వెయ్యొద్దు” అంటాడు. అతని అవసరం అతనిది, పది బండ్లను జరిపితే గాని పదకొండోది ఇరికించలేడు. అతను మన బండిని ఎక్కడికి ఎలా జరుపుతాడో మనకు తెలియదు కాబట్టి, అద్దానికి హెల్మెట్ తగిలించి వెళ్లకూడని చోట్లలో అది మొదటిది.

హెల్మెట్ దగ్గరికి వెళ్లేముందు ఎండాకాలం గురించి రెండు మాటలు. మన బండి బరువులో సైడ్ స్టాండు మోసేది దాదాపు 45 కిలోలు. ఆ స్టాండు మడమ నేలను తాకే మేర మహా అయితే 12 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. టైరులో మనం కొట్టించే 30 పాయింట్ల గాలి చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు కొంచెం పైన. బండి మొత్తాన్ని మోసే టైర్ల కంటే స్టాండు మడమే నేలను ఎక్కువగా నొక్కుతోందన్నమాట. మే నెలలో 43 డిగ్రీల ఎండకు నల్లటి తారు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలు. రోడ్లకు వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే స్థానం కనీసం 47 డిగ్రీలు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 73 చెబుతుంది. కంకర ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది గనుక రోడ్డు కరిగి పారదు. కానీ తారు లొంగుతుంది.

ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. అదే రోడ్డు మీద, అదే ఎండలో లారీ వెళ్తుంది. దాని టైర్లలో గాలి 100 పాయింట్ల పైన. స్టాండు మడమకు దాదాపు రెట్టింపు ఒత్తిడి. లారీ పోయిన చోట గుంట కనిపించదు, మధ్యాహ్నం రెండు గంటలు నిలిచిన బండి స్టాండు కింద మాత్రం సొట్ట పడుతుంది. తారు పూర్తిగా ఘనమూ కాదు, ద్రవమూ కాదు. చటుక్కున నొక్కితే ఘనంలా ఎదిరించి తిరిగి లేస్తుంది. తీరిగ్గా నొక్కితే నెమ్మదిగా పారే ద్రవంలా పక్కకు తప్పుకుంటుంది. లారీ చక్రం ఒక చోట ఉండేది క్షణంలో చిన్న భాగం, స్టాండుకు ఏ తొందరా లేదు. మడమ రెండు సెంటీమీటర్లు దిగబడితే బండి వాలు మరో నాలుగు డిగ్రీలు పెరుగుతుంది, పెరిగినకొద్దీ స్టాండు మీద బరువూ పెరుగుతుంది, ఇంకా దిగుతుంది. వాచ్‌మన్‌లు స్టాండు కింద షాబాద్ బండ ముక్కో, పెంకో సర్దేది ఇందుకే. జానెడు లోపు పలక, పది సెంటీమీటర్లకు పది చాలు, ఒత్తిడిని ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది. డిక్కీలో ఒకటి పడేసుకుంటే పోయేదేమీ లేదు. వానాకాలం మట్టి రోడ్డుకీ ఇదే మందు.

నీడలో పెడదామంటే నీడ ఎటు? ఉత్తరం గోడకి ఎప్పుడూ నీడ ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. ఏడాదిలో ఎక్కువ కాలం అది నిజమే, కావలసిన కాలంలోనే కాదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు కర్రకు నీడే లేకుండా పోతుంది. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాగే అవుతుంది. ఈ రెంటి మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, ఉత్తరం గోడే ఎండలో ఉంటుంది. దక్షిణం వైపు నీడ పడినా మూరెడో బారెడో. కాబట్టి వేసవిలో పొద్దున పెట్టి సాయంత్రం తీసే బండికి చూడవలసింది తూర్పు, పడమరలు. మధ్యాహ్నం మూడింటికి 10 మీటర్ల మేడ తూర్పుకు సుమారు ఎనిమిది మీటర్ల నీడ వేస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పడమటి అంచున బండి పెడితే, పన్నెండున్నర దాటిన దగ్గర్నుంచి నీడ దానివైపే జరుగుతూ వస్తుంది. చెట్టు నీడ ఇంకా చల్లన. రాలిన పూత, పిట్టల రెట్ట తుడుచుకునే ఓపిక ఉండాలంతే.

ఇక హెల్మెట్. కొనేటప్పుడు మనం చూసేది పైన మెరిసే డొల్లని. ప్రాణం నిలబెట్టే పనిలో పెద్ద వాటా ఆ డొల్లకూ లోపలి మెత్తకూ మధ్య దాగిన థర్మాకోల్‌ది. టీవీ పెట్టెలో అడ్డం పెట్టే పదార్థమే, పాలిస్టైరిన్. కాకపోతే చిక్కగా పోస్తారు. పెట్టెలోని థర్మాకోల్‌లో నూటికి 98 వంతులు గాలి అయితే హెల్మెట్‌ది సుమారు 95 వంతులు. రోడ్డు పక్కన దొరికే కొన్ని టోపీల్లో ఈ పొర ఉండదు, డొల్లకు సరాసరి స్పాంజి అతికించి ఉంటుంది. వాటిని ఎండలో పెట్టినా వానలో పెట్టినా ఒకటే, కాపాడుకోవడానికి లోపల ఏమీ లేదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ తయారీ, అమ్మకం దేశంలో నేరం. అయినా అవి దొరుకుతూనే ఉన్నాయి.

థర్మాకోల్ చేసే పని నలగడం. ఆ ఆలోచన రావడానికి కాలం పట్టింది. 1935 మే 13న ఇంగ్లండ్‌లో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికాధికారి, రచయిత తన బ్రఫ్ సుపీరియర్ మోటార్‌సైకిల్ మీంచి పడి, ఆరు రోజులకు తలగాయంతో చనిపోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో ఒకరైన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత మోటార్‌సైకిల్ తలగాయాల మీదే పరిశోధన సాగించి, హెల్మెట్ వల్ల మేలుందని 1941లో వైద్యపత్రికలో రాశాడు. అప్పటి హెల్మెట్లు గట్టి డొల్లలు. దెబ్బను మింగి తాను నలిగిపోయే పొర ఉండాలన్న ఆలోచన అమెరికాలో చార్లెస్ లాంబార్డ్‌ది, దానికి పేటెంటు 1953 నాటిది.

ఆ పొర ఎంత సాయం చేస్తుందో చూద్దాం. యూరప్ ప్రమాణం ఈసీఈ 22లో తల ఆకారపు దిమ్మెకు హెల్మెట్ తొడిగి, సెకనుకు ఏడున్నర మీటర్ల వేగంతో ఇనుప దిమ్మె మీద పడేస్తారు. అది దాదాపు 2.9 మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు, గంటకు 27 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మామూలుగా పడినప్పుడు రోడ్డుకి తల తగిలే నిలువు వేగాన్ని నిర్ణయించేది బండి వేగం కాదు, తల ఉన్న ఎత్తు. మీటరున్నర ఎత్తు నుంచి అది గంటకు 20 కిలోమీటర్ల లోపే. పరీక్ష దానికంటే కఠినం. ఆ వేగంతో వచ్చిన తల 2 సెంటీమీటర్ల మేర నలిగే పొరలో సమంగా ఆగితే, అది భరించే తాకిడి భూమ్యాకర్షణకు 140 రెట్లు. 2 మిల్లీమీటర్లలోనే ఆగాల్సి వస్తే 1,400 రెట్లు. ఆ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం 275. బతుకు, చావు ఆ రెండు సెంటీమీటర్ల చోటులో ఉన్నాయి. థర్మాకోల్ గళ్లు చిట్లి ఆ చోటు ఇస్తాయి, చిట్లినవి మళ్లీ పొంగవు. ఒకసారి నలిగిన చోట రెండోసారి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

మరి మనం ఏం చేస్తున్నాం? బండి దిగగానే హెల్మెట్‌ను బోర్లా తిప్పి అద్దం మీద తగిలిస్తాం. హెల్మెట్ బరువు 1.3 కిలోలు. అది అద్దం అంచు మీద గాని, అద్దం కాడ కొస మీద గాని ఆనుతుంది. ఆ ఆనే చోటు అగ్గిపుల్ల తల కంటే కాస్త పెద్దది, 15 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే అక్కడి ఒత్తిడి హెల్మెట్ థర్మాకోల్ తట్టుకోగలిగినదానికి రెట్టింపు దాకా వెళ్తుంది. మధ్యలో లోపలి మెత్త ఉంటుంది కాబట్టి మొదటి రోజున ఏమీ కాదు. ఆ మెత్త పల్చబడ్డాక, అలా తగిలించిన బండినే గుంతల్లో తోలుకుంటూ పోతే, లోపల వేలికొనంత గుంట పడుతుంది. మెత్తను ఊడదీసి, నడినెత్తి దగ్గర వేలితో తడమండి. గుంట తగిలిందంటే సరిగ్గా తల ఆనే వైపు నుంచే, దెబ్బ తగలకముందే, పొర కొంత ఖర్చయిపోయిందన్నమాట. బయటి డొల్ల మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

పోనీ ట్యాంకు మీద పెడదామా? అది ఇంకా పెద్ద పొరపాటు. గాజు గ్లాసులో చెంచాడు పెట్రోలు పోసి, కాస్త పెద్ద థర్మాకోల్ ముక్క ముంచితే బుసబుసమంటూ కుంచించుకుపోయి చివరికి జిగురు ముద్ద మిగులుతుంది. (చూడాలనుకునేవాళ్లు ఆరుబయట, నిప్పుకి దూరంగా చూడాలి.) పాలిస్టైరిన్ అణువుల గొలుసు నిండా బెంజీన్ వలయాలు వేలాడుతుంటాయి. పెట్రోల్లోనూ అదే జాతి వలయాలున్న టొలీన్, జైలీన్ వంటివి ఉంటాయి. బీఎస్-6 నియమం ప్రకారమే వాటికి నూటికి 35 వంతుల దాకా అనుమతి ఉంది. ఒకే జాతి గనుక అవి గొలుసుల మధ్య సులువుగా దూరి, వాటిని విడదీసేస్తాయి. లోపల పట్టి ఉంచిన గాలి బుసమంటూ పోతుంది. ట్యాంకు మూత చుట్టూ ఆవిరి ఊరుతుంటుంది, బంకులో పోసినప్పుడు నాలుగు చుక్కలు ఒలుకుతాయి. హెల్మెట్‌ను బోర్లించి ట్యాంకు మీద పెడితే ఆ ఆవిరి నేరుగా లోపలికే పడుతుంది. ఆవిరితో ఒక్కపూటలో కరిగిపోతుందని భయపెట్టను గాని, ఒలికిన చుక్కకు మాత్రం ఒక్క నిమిషం చాలు. పెట్రోలు గుడ్డతో హెల్మెట్ గ్లాసు తుడిచేవాళ్లున్నారు. గ్లాసు పాలికార్బొనేట్. అది కరగదు, బిగుతుగా వంగి ఉన్న చోట కంటికి కనపడని నెర్రెలు విచ్చుతుంది. థిన్నరూ అంతే. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

కింద పడితే పాడైపోతుందన్న భయం మాత్రం కొంత అతి. మీటరు పైన ఉన్న అద్దం మీంచి ఖాళీ హెల్మెట్ పడితే నేలకు తగిలేది 14 జౌళ్లు. పరీక్షలో ఒక్క తల దిమ్మె తెచ్చేదే 130 జౌళ్లు. పైగా ఖాళీ హెల్మెట్‌లో పొరను లోపలి నుంచి డొల్లకేసి అదిమే తల లేదు, నలగడానికి రెండు దవడలూ కావాలి, ఇక్కడ ఒకటే ఉంది. అమెరికాలో హెల్మెట్ పరీక్షలకు పేరున్న స్నెల్ సంస్థ కూడా ఒకటి రెండుసార్లు ఖాళీగా జారి పడినంత మాత్రాన పారెయ్యక్కర్లేదనే చెబుతుంది, పదే పదే పడేస్తే మాత్రం బలం తగ్గుతుందంటుంది. అయితే మనవాళ్ల హెల్మెట్ ఖాళీగా ఎప్పుడుంటుంది? చెయ్యికి తగిలించుకుని రైతుబజారులో తిరిగేటప్పుడు అందులో అరకిలో టమాటాలు, బండి తాళం గొలుసు, నీళ్ల సీసా. గొలుసు ఉన్న హెల్మెట్ పడిందంటే రెండో దవడ దొరికినట్టే.

ఎండ సంగతీ కొంత ఇలాంటిదే. పాలిస్టైరిన్ మెత్తబడేది 100 డిగ్రీల దగ్గర, పాలికార్బొనేట్ 147 దగ్గర. రెంటచింతల ఎండైనా రామగుండం ఎండైనా ఆరుబయట హెల్మెట్‌ను అంత వేడి చెయ్యలేదు. ఎండ తినేది వేరే వాటిని: పొరలను అతికిన జిగురును, స్పాంజిని, అతినీలలోహిత కిరణాలతో డొల్ల రంగును, గ్లాసు తేటదనాన్ని. అసలు వేడి ప్రమాదం బండి నుంచే. సీటు కింది కొక్కేనికి తగిలించిన హెల్మెట్ కొన్ని బండ్లలో సైలెన్సర్‌కి జానెడు దూరంలో ఊగుతుంటుంది. ఆపిన వెంటనే సైలెన్సర్ గొట్టం వేడికి 100 డిగ్రీలు లెక్క కాదు. ఆ కొక్కెం వాడదలిస్తే ఒకసారి వంగి, హెల్మెట్ ఎక్కడ ఆనుతోందో చూసుకోవాలి.

ఇంతకీ పెట్టే చోటేది? వెంట తీసుకుపోవడం అన్నిటికంటే మేలు. ఏటీఎం తలుపు మీద హెల్మెట్ తీసి రమ్మని ఉంటుంది గాని, బయట పెట్టి రమ్మని కాదు. లేదంటే స్కూటీ డిక్కీ, పడితే. అదీ కాకపోతే నేల. సరిగా నిలబెట్టి, బండి పక్కన, గోడవైపు. సీటు మీద పెట్టినదైతే 11 జౌళ్ల తోపుకు బండితో పాటే పడుతుంది, నేల మీద పెట్టినది ఎక్కడికీ పడదు. నేల మీదదైనా అద్దానిదైనా, తిరిగి పెట్టుకునేముందు బోర్లించి ఒకసారి దులపాలి. హెల్మెట్‌లోంచి పాము బయటపడ్డ వార్తలు మన పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి.

దొంగ మాట చివరికి వచ్చింది. కొక్కేనికి తాళం వేసేటప్పుడు మనం తగిలించేది గడ్డం పట్టీ బకిల్‌ని. ఆ పట్టీ సామాన్యమైనది కాదు. ఈసీఈ పరీక్షలో 10 కిలోల బరువును దానికి కట్టి ముప్పావు మీటరు ఎత్తు నుంచి ఒక్కసారిగా వదులుతారు, అయినా అది 35 మిల్లీమీటర్లకు మించి సాగకూడదు. అంతటి పట్టీ బ్లేడుకు రెండు సెకన్లలో లొంగుతుంది. గుంజితే వేల పోగులు కలిసికట్టుగా బరువు పంచుకుంటాయి, కోత మాత్రం వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. పట్టీ తెగిన హెల్మెట్ దొంగకు సగం ధరకైనా పోతుంది, కొన్నవాడి తల మీద అది నిలవదు. కాబట్టి తాళం వెయ్యాలంటే పట్టీని వదిలేసి, ఉక్కు తీగ గొలుసును నిండు హెల్మెట్ గడ్డం కమ్మీ లోపలినుంచి దూర్చి, బండి చట్రానికి చుట్టాలి. కమ్మీని కొయ్యాలంటే రంపం కావాలి, కోసినా అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. సగం హెల్మెట్‌కు కమ్మీ ఉండదు, దాన్ని వెంట తీసుకెళ్లడమే.

అన్ని జాగ్రత్తలూ పడ్డా హెల్మెట్ కలకాలం రాదు. తలకు రాసుకునే నూనె, చెమట, జిగురు కలిసి లోపలి పొరలను నెమ్మదిగా తింటాయని, మామూలు వాడకంలో ఐదేళ్లకు మార్చమని స్నెల్ సంస్థ సలహా. దెబ్బ తిన్నదైతే ఆ రోజే మార్చాలి. పాతదాన్ని అలాగే చెత్తకుండీలో వేస్తే ఎవరో తీసి కడిగి, మళ్లీ ఫుట్‌పాత్ మీద అమ్మకానికి పెడతారు. జరిమానా తప్పించుకోవడానికి ఎవరో కొంటారు కూడా. పారేసేటప్పుడు పట్టీని మనమే, మొదలంటా, కత్తెరతో కోసెయ్యాలి.